తూటా
‘భుజంలోంచి తూటా తీసిన డాక్టర్లు’ అని పేపర్లో శీర్షిక. తూటా అట్లా ఒంట్లోకి పోదు. ఇత్తడి గొట్టం, అడుగున నిప్పు రాజేసే టోపీ, లోపల మందు, కొసన గుండు కలిస్తేనే తూటా. దూసుకుపోయేది గుండే; గొట్టం తుపాకిలోనే మిగులుతుంది. ‘తుపాకి’ తుర్కీ ‘తుఫెక్’ నుంచి వస్తే, ‘తూటా’ మరాఠీ, దక్కనీల ‘తోటా’. మొదట్లో అది మందూ గుండూ చుట్టిన కాగితపు పొట్లం. 1857లో సిపాయిలు పళ్లతో చింపబోమన్నది దాన్నే. మంథనిలో మా మేనమామ ఇంట్లో పాత ఖాళీ గొట్టం ఒకటుంది, చిలుము పట్టి, అడుగున 450 అనే కొలత అంకెతో. మహదేవపూర్ అడవుల్లో షికారు సాగిన కాలంనాటిది. పాత రైఫిలుకు ఆ అంకె ఒక్కటే చూసి తూటా ఎంచితే ప్రాణం మీదికొస్తుంది. అదే కొలతలో నల్ల తుపాకిమందుదీ ఉంది, 1898లో బ్రిటిష్ తుపాకుల కంపెనీ రిగ్బీ తెచ్చిన పొగరాని మందుదీ ఉంది. పెద్దపులికైనా, అడవిదున్నకైనా రెండోదే గట్టిదని నల్ల తుపాకిమందు రైఫిల్లో పెడితే, ఆ ఒత్తిడికి తుపాకే పగలొచ్చు. పులివేటను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించిందనుకోండి. ఇక మాట సంగతికొస్తే, ‘మందుగుండు’ అన్నప్పుడు మందూ గుండూ విడివిడిగా ఇప్పటికీ వినిపిస్తాయి. ‘మాటల తూటాలు’ అనండి, అభ్యంతరం లేదు. డాక్టరు తీసినదాన్ని మాత్రం గుండు అనే రాయండి.