గోల్డెన్ ఓల్డీస్ రగ్బీ ఉత్సవం – ఎడిన్‌బరో ఆతిథ్యం

గోల్డెన్ ఓల్డీస్ రగ్బీ ఉత్సవం 35 ఏళ్లు నిండిన ఆటగాళ్ల కోసం జరిపే అంతర్జాతీయ ఉత్సవం. 1979లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో మొదలైంది. తరువాత సుమారు రెండేళ్లకోసారి ఒక్కో నగరానికి మారుతూ వచ్చింది. 2008లో స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరో దీనికి ఆతిథ్యం ఇచ్చింది. ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్ 1871లో జరిగింది ఈ నగరంలోనే. ఉత్సవం వారం రోజుల్లో ముగిసింది. అది వచ్చి చేరిన నగరానికి మాత్రం నూటయాభై ఏళ్ల రగ్బీ చరిత్ర ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం నగరానిదే.

పుట్టుక, పద్ధతి

ఉత్సవానికి ఆద్యుడు ఆక్లండ్‌కు చెందిన పూర్వ ఆటగాడు టామ్ జాన్సన్. చాలా ఏళ్లపాటు ఎయిర్ న్యూజిలాండ్ సంస్థ ప్రధాన పోషకురాలిగా నిలిచింది. దూరదేశాల జట్లు వారం రోజుల సెలవు పెట్టుకుని విమానమెక్కి రావాల్సిన కార్యక్రమానికి విమాన సంస్థ అండ దొరకడం సహజంగానే కలిసివచ్చింది. వినోదం, స్నేహం, సోదరభావం అనే మూడు మాటలే దీని నినాదం.

ఇక్కడ విజేతలు లేరు. కప్పు లేదు, పాయింట్ల పట్టిక లేదు, ఫైనల్ లేదు. జట్లు నగరంలోకి ఊరేగింపుగా రావడంతో వేడుక మొదలవుతుంది. ఆట రోజుకూ ఆట రోజుకూ మధ్య విశ్రాంతి దినాలుంటాయి. చివరిరోజు అందరూ కలిసి విందుకు కూర్చుంటారు. మ్యాచ్ అయ్యాక ఇరుజట్లూ కలిసి తిని, తాగి, పాడుకునే సమయాన్ని రగ్బీ లోకం ‘మూడో సగం’ అంటుంది. మామూలు పోటీల్లో అది ఆటకు తోక లాంటిది. ఇక్కడ దానికి మొదటి రెండు సగాలతో సమానమైన గౌరవం ఉంది.

వయసు ముదిరిన శరీరాలను కాపాడేందుకు ఆట నియమాలను సడలించారు. ఇరుజట్ల ఆటగాళ్లు భుజాలు కలిపి బంతి కోసం నెట్టుకునే స్క్రమ్‌లో తోపులాట తగ్గించారు. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. వయసును నిక్కరు రంగు చెబుతుంది. ఎదుటివాడి నిక్కరు చూడగానే అతణ్ణి పడగొట్టవచ్చా, మెల్లగా పట్టుకుని ఆపాలా, అసలు ముట్టుకోకూడదా అన్నది తెలిసిపోతుంది. ఏ వయసుకు ఏ రంగు అన్నది దేశాన్నిబట్టి, నిర్వాహకులనుబట్టి మారుతుంది. ఈ రంగుల పద్ధతి ఎక్కడ పుట్టిందనేదానిపై ఏకాభిప్రాయం లేదు. పాతదనం దృష్ట్యా జపాన్ వాదనే బలంగా కనిపిస్తుంది. దాని వివరం చివర ఉంది.

నగరం

రగ్బీ చరిత్రలో ఎడిన్‌బరో స్థానం గురించి రాసేటప్పుడు తేదీల దగ్గర జాగ్రత్త అవసరం. 1823లో ఇంగ్లండులోని రగ్బీ పాఠశాలలో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి బంతిని చేతపట్టి పరుగెత్తడంతో ఈ ఆట పుట్టిందన్న కథ జనంలో బాగా నాటుకుపోయింది. ప్రపంచ కప్పుకు ఆయన పేరే పెట్టారు. కానీ ఆ కథకు అప్పటి సాక్ష్యం లేదు. ఎల్లిస్ మరణించాక కొన్నేళ్లకే అది వెలుగులోకి వచ్చింది. ఎడిన్‌బరో ఆధారాలు అంతకంటే గట్టివి, ఎందుకంటే అవి క్లబ్బుల, పాఠశాలల పేర్లతో, తేదీలతో సహా నమోదయ్యాయి.

ఎడిన్‌బరో అకాడమీ పూర్వ విద్యార్థులు ఎడిన్‌బరో అకడమికల్స్ క్లబ్బును 1857లో స్థాపించారని క్లబ్బు చెబుతుంది. కొన్ని గ్రంథాలు 1857–58 శీతాకాలం అంటాయి. ప్రపంచంలో అతి పాత క్లబ్బు ఏదన్న వివాదం ఇంకా తెగలేదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రి క్లబ్బు 1843 అంటుంది, దానికి సమకాలీన పత్రాల బలం తక్కువ. డబ్లిన్ విశ్వవిద్యాలయ క్లబ్బు చెప్పే 1854కు ఆధారాలు మెరుగు. ఆ లెక్కన అకడమికల్స్‌ను స్కాట్లండులో మొదటిదిగా, ప్రపంచంలో తొలివరుసలోనిదిగా చెప్పడమే క్షేమం. పాఠశాలల మధ్య పోటీల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 1858 ఫిబ్రవరిలో మర్చిస్టన్ కాజిల్, రాయల్ హైస్కూల్ తలపడ్డాయని ఒక కథనం. అదే ఏడాది డిసెంబరు 11న మర్చిస్టన్, అకాడమీ మధ్య రేబర్న్ ప్లేస్ మైదానంలో మొదలైన పోటీ అప్పటినుంచి కొనసాగుతూ వస్తోంది. ఏది ముందన్నదానికంటే ఏది నిలిచిందన్నదాన్ని కొలతగా తీసుకుంటే రెండోదానికే పెద్దపీట వేయాలి.

అకడమికల్స్ స్థాపనలో మన విషయానికి నేరుగా సంబంధించిన సంగతి ఒకటుంది. బడి వదిలిన తరువాత కూడా బంతి వదలడానికి ఇష్టపడని యువకుల క్లబ్బు అది. తరువాత వచ్చిన వాట్సోనియన్స్, హెరియట్స్, స్టూవర్ట్స్ మెల్విల్ వంటి క్లబ్బులన్నీ ఇదే తరహాలో పూర్వ విద్యార్థులు నడుపుకున్నవి. చదువు అయిపోయింది కాబట్టి ఆట కూడా అయిపోవాలన్న నియమాన్ని ఈ నగరం మొదటినుంచీ ఒప్పుకోలేదు. ముదివయసు రగ్బీకి తాత్త్వికమైన పుట్టినిల్లు ఏదంటే ఆక్లండ్ కంటే ముందు ఎడిన్‌బరో పేరు చెప్పడం అతిశయోక్తి కాదు.

1871 మార్చి 27

1870 డిసెంబరులో స్కాట్లండుకు చెందిన అయిదు క్లబ్బుల నాయకులు పత్రికాముఖంగా ఇంగ్లండుకు సవాలు విసిరారు. అంతకు ముందు లండన్‌లో స్కాట్లండు పేరుతో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో ఆడినవారు ఎక్కువమంది లండన్‌లో కాపురముంటున్నవారేనని, అవి తమ దేశానికి ప్రాతినిధ్యం వహించవని వారి అభ్యంతరం. ఫలితంగా 1871 మార్చి 27న రేబర్న్ ప్లేస్‌లో జట్టుకు 20 మంది చొప్పున ఆడారు. ఒక్కో సగం 50 నిమిషాలు. చూడవచ్చినవారు సుమారు 4,000 మంది. జట్టును 15 మందికి తగ్గించినది 1877లో.

స్కాట్లండు ఒక గోల్, ఒక ట్రై సాధించగా ఇంగ్లండుకు ఒక ట్రై దక్కింది. అప్పటి లెక్కలో ట్రైకి విలువ లేదు కాబట్టి గోల్ సాధించిన స్కాట్లండే గెలిచింది. గీత దాటించి బంతిని నేలకు ఆనించిన జట్టుకు గోల్ కొట్టే ప్రయత్నం దక్కేది, అంతే. ట్రై అన్న పేరు ఆ ప్రయత్నం నుంచే వచ్చింది. గోల్‌కు దారితీసిన స్కాట్లండు మొదటి ట్రై చెల్లదని ఇంగ్లండు ఆటగాళ్లు గట్టిగా వాదించారు. అంపైర్లలో ఒకరైన లొరెటో పాఠశాల ప్రధానోపాధ్యాయుడు హెలీ హచిన్సన్ ఆల్మండ్ ఆ తీర్పు సరైనదో కాదో తనకే తెలియదని తరువాత ఒప్పుకున్నారు. సందేహం వచ్చినప్పుడు ఎక్కువ గొడవ చేసే పక్షానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పడం మంచిదని, తప్పు వారిదే అయివుంటుందని ఆయన అభిప్రాయం. అంతర్జాతీయ రగ్బీ తొలి ఫలితం ఈ తీర్పు మీదే నిలబడి ఉంది.

కలకత్తా వెండి

ఇంగ్లండు, స్కాట్లండు ఏటా పోటీపడే కలకత్తా కప్పు భారతీయ పాఠకులకు ఈ నగరంతో ఉన్న నిజమైన బంధం. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఇంగ్లండు వారు ఒకపక్క, స్కాట్లండు, ఐర్లండు, వేల్స్ వారు మరోపక్క నిలబడి ఆడారు. మరుసటి నెలలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు ఏర్పడింది. కానీ బెంగాల్ వాతావరణం ఈ ఆటకు పడలేదు. సైనిక పటాలాలు తరలిపోయాయి, సభ్యులు పోలో వైపు, టెన్నిస్ వైపు మళ్లారు. క్లబ్బును మూసేసే ముందు బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, కప్పు చేయించి ఇంగ్లండు రగ్బీ యూనియన్‌కు పంపారు. రూపాయలు 270 అని ఎక్కువ గ్రంథాలు చెబుతాయి. భారతీయ పనివారు చెక్కిన ఆ కప్పుకు పిడులుగా మూడు తాచుపాములు, మూత మీద ఏనుగు ఉన్నాయి. దాని కోసం మొదటి పోటీ 1879లో రేబర్న్ ప్లేస్‌లో జరిగి సమంగా ముగిసింది. ఆడేందుకు జట్టు లేకుండా పోయిన క్లబ్బు చివరి రూపాయిని ఆటకే ఇచ్చి వెళ్లింది. పోటీ కంటే బంధాన్ని ముఖ్యంగా ఎంచే ఉత్సవానికి ఇంతకంటే తగిన పూర్వకథ వెతికినా దొరకదు.

మైదానాలు

1899లో స్కాట్లండు యూనియన్ ఇన్వర్‌లీత్‌లో సొంత మైదానం ఏర్పరచుకుంది. 1925 మార్చి 21న మర్రేఫీల్డ్ స్టేడియం ప్రారంభమైంది. ఆనాడు స్కాట్లండు 14–11తో ఇంగ్లండును ఓడించి తన తొలి గ్రాండ్‌స్లామ్ (ఆ ఏటి పోటీలో ప్రత్యర్థులందరిపైనా గెలుపు) సాధించింది. 1975 మార్చి 1న వేల్స్‌తో మ్యాచ్‌కు 1,04,000 మంది వచ్చినట్టు లెక్క. ఇప్పటి సామర్థ్యం 67,000 పైచిలుకు.

అయితే వెటరన్ ఉత్సవానికి పెద్ద స్టేడియం అసలు అవసరం కాదు. ఒకేరోజు పదుల సంఖ్యలో మ్యాచ్‌లు జరగాలంటే దగ్గరదగ్గరగా గడ్డి మైదానాలు కావాలి. వాటి పక్కన దుస్తులు మార్చుకునే గదులు, వేడినీళ్లు, వంటగది, క్లబ్బు హాలు ఉండాలి. టచ్‌లైన్ దగ్గర వైద్యుడు, అంబులెన్సు ఉండాలి. వడివేగం తగ్గినా మోకాళ్లకు, పిక్కలకు, గుండెకు అపాయం తగ్గదు కదా. వచ్చినవారిలో చాలామందికి తోడుగా భార్యాపిల్లలు ఉంటారు కాబట్టి ఆట లేని రోజుల్లో చూడదగ్గ ఊరు కావాలి. రేబర్న్ ప్లేస్, ఇన్వర్‌లీత్, హెరియట్స్ వారి గోల్డెనేకర్ మైదానాలు నగరానికి ఉత్తరాన ఒకదాని నుంచి మరొకదానికి నడిచివెళ్లేంత దూరంలో ఉన్నాయి. వాట్సోనియన్స్ వారి మైర్‌సైడ్, బరోమ్యూర్ క్లబ్బు వారి మెగెట్‌లాండ్ మరోవైపు ఉన్నాయి. కోట, పాతపట్నం సరేసరి. చరిత్ర అన్నది అతిథులకు చూపించే ఫలకంగా మాత్రమే కాకుండా, రేపు ఆడబోయే గడ్డిగా మిగిలివుండడం ఈ నగరం ప్రత్యేకత. కొత్తగా స్టేడియం కట్టి దీన్ని తెచ్చుకోలేరు.

తక్కువ వ్యవధిలో అతిథులను ఆదుకున్న అనుభవం కూడా ఈ నగరానికి ఉంది. 1994 మహిళల ప్రపంచ కప్పు నెదర్లాండ్స్‌లో జరగాల్సి ఉండగా ఆ దేశం తప్పుకుంది. స్కాట్లండు మహిళా క్రీడాకారిణులే పూనుకుని సుమారు మూడు నెలల్లో పోటీని ఎడిన్‌బరో పరిసరాల్లో నిర్వహించారు. ఏప్రిల్ 24న రేబర్న్ ప్లేస్‌లో జరిగిన ఫైనల్లో ఇంగ్లండు 38–23తో అమెరికాను ఓడించింది. అంతర్జాతీయ సంఘం ఆనాడు ఆమోదించని ఆ పోటీని తరువాతి కాలంలో అధికారికంగా గుర్తించింది. స్వచ్ఛంద శ్రమతో అంతర్జాతీయ వేడుక నడపడానికి ఎడిన్‌బరోలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు. 2008 ఉత్సవం గురించి రాసేవారు దీన్ని తప్పక ప్రస్తావించాలి.

ఇతర ఆతిథ్య నగరాలు, జపాన్ సంప్రదాయం

ఎడిన్‌బరో తరువాత ఆతిథ్యం ఇచ్చిన నగరాల్లో జపాన్‌లోని ఫుకువోకా (2012), వేల్స్ రాజధాని కార్డిఫ్ (2016) ఉన్నాయి.

జపాన్‌లో వయోధిక రగ్బీ గోల్డెన్ ఓల్డీస్ కంటే పాతది. 1948లో టోక్యోలో నలభై దాటినవారు ఫువాకు అనే క్లబ్బు పెట్టుకున్నారు. నలభయ్యో ఏట తనకు సందేహాలు తొలగిపోయాయన్న కన్ఫ్యూషియస్ మాట నుంచి తీసుకున్న పేరు అది, ‘సందేహం లేనివారు’ అని అర్థం. ఆ పేరులోని ‘వాకు’ అక్షరంతోనే ఒసాకా వారు వాకువాకు అని, ఫుకువోకా వారు మెయివాకు అని పేర్లు పెట్టుకున్నారు. మెయివాకు అంటే ఇబ్బంది, ఇంట్లోవారికీ లోకానికీ కలిగించేది. ఈ మూడు క్లబ్బులు తమలో తాము పోటీలు జరుపుకుంటాయి.

ఫువాకు పద్ధతిలో నలభైల్లో ఉన్నవారు తెల్ల నిక్కరు, యాభైల్లో ముదురు నీలం, అరవైల్లో ఎరుపు, డెబ్భైల్లో పసుపు, ఎనభైల్లో ఊదా వేసుకుంటారు. తొంభై దాటినవారిది బంగారు రంగు.