కాలువ చివరి ఊళ్లు: క్రీడా సిద్ధాంతానికి ఒక చారిత్రక ఉదాహరణ

ఒకరి నిర్ణయ ఫలితం ఎదుటివారి నిర్ణయంపై కూడా ఆధారపడే సందర్భాలను పరిశీలించేదే క్రీడా సిద్ధాంతం. 1944లో జాన్ వాన్ న్యూమన్, ఆస్కార్ మోర్గన్‌స్టెర్న్ వెలువరించిన గ్రంథంతో ఇది ఒక శాస్త్రంగా స్థిరపడింది. 1950లో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ రూపొందించిన ఒక ఆటకు ఆల్బర్ట్ టక్కర్ ఇద్దరు ఖైదీల కథను జోడించారు. 'ఖైదీల సందిగ్ధం' అనే పేరు అలా వచ్చింది.

ఈ సందిగ్ధాన్ని మీకు తెలిసిన పొలం గట్టు మీదే చూడవచ్చు. ఒకే తూము కింద ఇద్దరు రైతులున్నారనుకోండి. పక్క రైతు వంతు పాటించినా, పాటించకపోయినా, రాత్రిపూట మడవ తిప్పుకుంటే తనకే లాభమని ప్రతి ఒక్కరికీ తోస్తుంది. ఇద్దరూ అదే పని చేస్తే మిగిలేవి తగాదాలు, నిద్రలేని కాపలా రాత్రులు. ఉమ్మడి వనరు ఇలాగే నాశనమవుతుందని 1968లో గారెట్ హార్డిన్ వాదించారు.

చరిత్ర ఈ వాదాన్ని పూర్తిగా సమర్థించదు. రాబర్ట్ వేడ్ కర్నూలు ప్రాంతంలో ముప్పైకి పైగా గ్రామాలను పరిశీలించి, 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' ప్రచురించారు. నీరు ధారాళంగా అందే ఎగువ గ్రామాల్లో ఉమ్మడి ఏర్పాట్లు అంతగా కనిపించలేదు. కాలువ చివరి గ్రామాల్లో మాత్రం రైతులు తామే నీరు పంచేవారిని, పొలం కాపలాదారులను నియమించుకున్నారు. కోత అయిన పొలాల్లో గొర్రెల మేపు హక్కును అమ్మి ఊరి నిధి కూడబెట్టారు. వీటిలో ఏదీ ప్రభుత్వం ఆదేశించి పెట్టించినది కాదు.

దీనికి కారణాలేమిటి? మొదటిది, నష్టభయం. నీరు చాలని చోట క్రమం తప్పితే పంటే పోతుంది. రెండవది, ఈ ఆట ఒక్కసారితో ముగియదు. ఈ ఏడు మోసగించినవాడు వచ్చే ఏడూ అదే తూము కింద ఉంటాడు. పదేపదే సాగే ఆటలో సహకారం నిలవగలదని 1984లో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ వివరించారు. మూడవది, పెద్ద రైతుల భూములు ఆయకట్టులో పలుచోట్ల చెదిరి ఉండటం వల్ల సక్రమ పంపిణీ వారికీ లాభమే. అయితే ఊరి పెత్తనం కూడా వారి చేతుల్లోనే ఉండేదని మరువకండి. సహకారం ఉన్నంత మాత్రాన సమానత్వం ఉన్నట్లు కాదు.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పాటు చేసింది. అవసరం నుంచి పుట్టిన కట్టుబాటుకూ, చట్టం నుంచి పుట్టిన సంఘానికీ ఉన్న తేడాను ఈ నేపథ్యంలో ఆలోచించండి.

అభ్యాసం: మీ ఊరిలోని ఒక ఉమ్మడి వనరును ఎంచుకోండి. నియమం తప్పినవారికి కలిగే నష్టమేమిటో, ఆ నియమాన్ని ఎవరు నిర్ణయించారో పది వాక్యాల్లో రాయండి.