భాష తెలిసిన బోధకులు

1956 దాకా మన బీదర్ కూడా హైదరాబాదు రాష్ట్రంలోదే కదా! ఆ హైదరాబాదుకు సంబంధించిన ముచ్చట ఇది.

1853లో రిచర్డ్ బాలంటైన్ అనే మార్మన్ ప్రచారకుడు భార్యాబిడ్డల్ని అమెరికాలో వదిలి, ఓడెక్కి మద్రాసు వచ్చాడు. బోధనంతా ఎక్కువగా ఇంగ్లీషు వచ్చినవారికే. ఏడాదికే తిరుగుముఖం పట్టాడు.

1978లో ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి అదే పని మీద హైదరాబాదు వచ్చారు. కానీ వచ్చింది సొంతవాళ్ల మధ్యకు. బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీగారి తండ్రి బాప్టిస్టు పాస్టరు. మార్మన్ గ్రంథాన్ని తెలుగు చేసింది ఆయనే.

ఈనాడు పద్దెనిమిదేళ్ల మార్మన్ కుర్రాడు పరాయి దేశం వెళ్లాలంటే ముందు అక్కడి భాష నేర్చుకుంటాడు. మతం ఎవరిష్టం వారిది. కన్నడ నేల మీద ఉన్న మన పిల్లలకు కన్నడం బడి నేర్పుతుంది. తెలుగు మాత్రం మనమే నేర్పాలి.