పరాయి ఊరివారు పదిలపరచిన మన సొత్తు

మన సంఘము వారు ఉగాది సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి యిమ్మని అడిగినపుడు మేము మొదట బీదరు కోటను గూర్చి వ్రాయదలచితిమి. కాని ఆ కోటను గూర్చి, మహమూద్ గవాన్ మదర్సాను గూర్చి, అష్టూరు గోరీలను గూర్చి నిజాము ప్రభుత్వపు పురావస్తు శాఖను నడిపిన గులాం యజ్దానీగారి పెద్ద గ్రంథము 1947లోనే వెలువడినది. మెట్రిక్ చదువుకొని పార్సెళ్ళు తూచుకొను రైల్వే గుమాస్తాకు అంతకు మించి చెప్పుటకు ఏమున్నది? కనుక మాకు తెలిసిన త్రాసు దగ్గరనే మొదలు పెట్టెదము.

ఈ ఊరినుండి బయటికి పోవు సరకులలో బిద్రీ సామాను ఒకటి. చెక్క పెట్టెలో గడ్డి సర్ది, మేకులు కొట్టి తెచ్చెదరు. మేము త్రాసుమీద పెట్టించి, కిలోల లెక్కన కిరాయి కట్టి, రసీదు వ్రాసి యిచ్చెదము. లోపల ఉన్నది పూలసజ్జయో, సురాహియో, పాన్‌దానో త్రాసుకు అక్కరలేదు. నిజము చెప్పవలెనన్న చాలా కాలము మాకును అక్కరలేకపోయినది.

మా యింటనే ఒకటి ఉండెడిది. జహీరాబాదు వైపు పల్లెలో మా తాతగారు ఒక జాగీరుదారు కచేరీలో లెక్కలు వ్రాసినందుకు ఇనాముగా వచ్చినదని చెప్పుకొనెడివారు. గుండ్రని హుక్కా బుడ్డి, నల్లనిది, ఒంటినిండ వెండి పూలు. మా తాత హుక్కా త్రాగినవారు కారు. అది గూటిలో కూర్చుండి ఊదువత్తులు మోసినది. మాకు తొమ్మిది పదేండ్ల వయసప్పుడు పాత్రల బేరగాడు వాకిటికి వచ్చినాడు. వాడు మేకుతో ఒక పూరేకును గీకి చూచి, తూచి, నాలుగు స్టీలు గిన్నెలు ఇచ్చి పట్టుకొని పోయినాడు. ఆనాడు మా అమ్మ సంతోషించినది, మేమును సంతోషించితిమి. స్టీలు మెరయును గదా!

ఆ బుడ్డి విలువ ఏమో మాకు తెలిసినది ఈ ఊరికి బదిలీ అయిన తరువాతనే. బిద్రీ పనివారి అంగడిలో ఒక గంట కూర్చున్నవారికి ఆ పని ఎంత ఓపికతో కూడినదో బోధపడును. తుత్తునాగము పాలెక్కువ, రాగి పాలు బహు తక్కువ, సుమారు పదునారింటికి ఒకటి చొప్పున కలిపి కరగించి ఇసుక అచ్చులో పోసెదరు. అచ్చునుండి తీసిన వస్తువు బూడిదరంగుగా, గరుకుగా ఉండును. ఆకురాతితో నునుపుచేసి, మయిలుతుత్తపు నీటితో తాత్కాలికముగా నలుపెక్కించి, ఆ నలుపుమీద ఉలిమొనతో పూలు తీగెలు గీసెదరు. గీసిన గాడిలో వెండితీగెను పెట్టి సుత్తితో కొట్టిన అది తార్‌కశీ. తీగెకు బదులు వెండిరేకు పొదిగిన తెహ్‌నిశాన్. మరల నునుపుచేసినపుడు వెండియు లోహమును ఒకే రంగుగా కనుపించి పని అంతయు మాయమైనట్లుండును. అప్పుడు చివరి పని. కోటలో ఎండావానా తగులని చోటినుండి తెచ్చిన మట్టిని నవాసారముతో నీళ్ళలో కలిపి, వేడిచేసిన వస్తువుమీద రుద్దెదరు. లోహము కాటుకవలె నల్లబడును. వెండికి మాత్రము ఏమియు అంటదు. ఆ మట్టి పనికి వచ్చునా రాదా అని పనివారు నాలుకపై వేసికొని రుచి చూచెదరు.

ఈ విద్య ఇరాన్‌నుండి బహమనీల కాలమున వచ్చినదని ఈ ఊరివారి చెప్పుడు. చేతికి చిక్కిన పాత వస్తువులు మాత్రము ఎక్కువగా 17వ శతాబ్దమునుండి లెక్కకు వచ్చుచున్నవి. లక్నో, పూర్ణియా, ముర్షిదాబాదులలోను ఈ పని జరిగినది గాని పేరు మాత్రము మన బీదరుదే నిలిచినది. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనకు బిద్రీ సామాను పోయినది, అక్కడి మ్యూజియమునకు చేరినది. సీమవారు అద్దాల బీరువాలో పెట్టినదానిని మేము ఊదువత్తులకు వాడితిమి!

ఇక అసలు వ్యక్తి సంగతి. జగదీశ్ మిత్తల్ గారు తెలుగువారు కారు, దక్కనువారును కారు. 1925లో ఝాన్సీలో పుట్టిరి. శాంతినికేతనము కళాభవనములో చిత్రలేఖనము చదివిరి. నందలాల్ బోస్, వినోద్ విహారీ ముఖర్జీ వంటివారు అక్కడ గురువులు. భార్య కమలగారు కూడ అక్కడ చదివిన చిత్రకారిణియే. 1951లో ఈ దంపతులు హైదరాబాదు వచ్చిరి. అక్కడ బద్రీవిశాల్ పిట్టీ అను ధనికుడైన సోషలిస్టు 1949నుండి ‘కల్పన’ అను హిందీ పత్రికను నడుపుచుండెను. ఆ పత్రిక కళావిభాగము మిత్తల్ గారి చేతికి వచ్చినది. లోహియాగారి మాట మీద హుసేన్ చేత రామాయణ చిత్రములు వేయించినది ఈ పిట్టీగారే. అటువంటి చోట మిత్తల్ గారికి సంసారము గడచినది గాని సంపద కూడు దారి లేదు. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఎందుకనగా ఆ కాలములో హైదరాబాదులో కళాఖండములు కూర్చుట అనగానే అందరికి గుర్తుకు వచ్చునది సాలార్ జంగు. మూడవ సాలార్ జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ కొద్దికాలము నిజాము దివానుగా పనిచేసి, తరువాత బ్రతుకంతయు కొనుటలోనే గడపి 1949లో కాలము చేసిరి. దివాన్ దేవిడీలో ఆయన సామానుతో మ్యూజియమును నెహ్రూగారు 1951 డిసెంబరు 16న తెరచిరి. అది 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనమునకు మారినది. చలవరాతి రెబెకా బొమ్మనుండి గంటకొట్టు గడియారము దాక మనవారందరు చూచినదే. అక్కడ బిద్రీ సామాను కూడ మంచిది కలదు, తప్పక చూడవలెను. కాని అది ప్రభువు పని. జాగీరు రాబడి వెనుక ఉన్నవానికి ఏది నచ్చిన అది కొనవచ్చును, నాలుగు తప్పు కొనినను నష్టము లేదు.

మిత్తల్ గారు ఏమి పెట్టి కొనవలెను? ఆయనకు ఉన్నది చిత్రకారుని కన్ను. ఇతరులు వద్దన్నది, ఇంకను వెల పెరగనిది, చిరిగినది, సగము మిగిలినది ఆయన చూచినారు. పూర్తికాని రేఖాచిత్రము, కలంకారీ గుడ్డ, పల్లె దేవతల కంచు బొమ్మ, బిద్రీ బుడ్డి. కాలము కూడ కలిసివచ్చినది. 1948లో నిజాము పాలన ముగిసినది. 1949లో జాగీరులు రద్దయినవి. అమీరుల దేవిడీలలో తరతరాలుగా మూలుగుచున్న సామాను మెల్లగా బజారుకు దిగినది. బేరగాండ్రు వెండిని చూచిరి, తూకమును చూచిరి. పైదేశముల వ్యాపారులు దానిలో లాభమును చూచిరి. పని చూచినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో ఈ భార్యాభర్తలు ఇద్దరు. పరదేశమునుండి మొన్న వచ్చినవారికి కనుపించినది, ఇక్కడనే పుట్టి పెరిగిన మావంటివారికి కనుపించలేదు. ఇది మాకు కొంత సిగ్గుగా ఉన్నది, దాచి ప్రయోజనము లేదు.

కొని ఊరకుండలేదు. ఏది ఎక్కడిది, ఎప్పటిది అని విడదీయుటే సేకరణకర్తకును మ్యూజియము నడుపువానికిని నడుమ ఉన్న తేడా. హైదరాబాదు చిత్రకళను గూర్చి ఆయన 1963లో ‘మార్గ్’ పత్రికలో వ్రాసిరి. ఆంధ్ర రామాయణ చిత్రములపై 1969లో ఆయన పుస్తకమును ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ప్రకటించినది. మొగలు చిత్రములకు, రాజపుత్ర చిత్రములకు పేరున్నది గాని దక్కను చిత్రములను వేరుగా గుర్తించి చూచుట అప్పటికి పెద్దగా అలవాటు కాలేదు. బిద్రీ సామానుపై ఆయన గ్రంథము 2011లో వచ్చినది. అప్పటికి వయసు ఎనుబదియైదు దాటినది!

మన సంఘములోని నేత కుటుంబములవారు వినవలసినది మరొకటి ఉన్నది. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పుటకు కూనపులివారు గుడ్డమీద వేసిన బొమ్మలపటము తెచ్చెదరు గదా. చేర్యాల నకాశీలు వేయు పటములు అవియే. అవి గజముల కొలది పొడవుండును. పటము పాతబడిన యెడల దానిని ఇంట ఉంచరు, పూజచేసి నదిలో కలిపివేసెదరు. అందుచేత పాత పటము దొరకుట దుర్లభము. మిత్తల్ గారి సేకరణలో 17వ శతాబ్దపు పటము కలదు. 2014లో ఆయన ఈ పటములపైననే ప్రత్యేకముగా ఒక పుస్తకము తెచ్చిరి. నదిలో కలపవలసిన దానిని కలపక దాచుట తప్పా ఒప్పా అని మా యింట పెద్దల మధ్య ఒకనాడు వాదము జరిగినది. మా పెదనాన్నగారు తప్పే అనిరి. మేము ఆయన మాటకు ఎదురు చెప్పలేదు గాని, ఆ పటమే లేకున్న నాలుగు వందల ఏండ్లనాడు మన నకాశీ ఎరుపు ఏ తీరుగా ఉన్నదో చూచుటకు దారి ఏది?

1976లో ఆ దంపతులు తమ వస్తువులన్నిటిని ఒక ట్రస్టుకు రాసియిచ్చి ‘జగదీశ్ అండ్ కమలా మిత్తల్ మ్యూజియం ఆఫ్ ఇండియన్ ఆర్ట్’ స్థాపించిరి. అది హైదరాబాదు గగన్ మహల్ రోడ్డులోనున్నది. సుమారు 2000 వస్తువులు. సాలార్ జంగు లెక్కముందు అది చిన్నదే. కాని ఒక్కటొక్కటిగా అమ్మినను మూడు తరములు కూర్చుండి తినదగినదానిని, బ్రతికియుండగనే, వయసు ఏబదియొకటిలో తమది కాదని వ్రాసి యిచ్చిరి. తమది కాదని వ్రాసిన తరువాత కూడ దానిని కాపాడుట, పట్టికలు వ్రాయుట, చూడవచ్చిన పండితులకు చూపుట మానలేదు. మేము ఉద్యోగరీత్యా ఎందరినో చూచినాము, చార్జి అప్పగించిన మరునాడు ఆఫీసు వైపు తిరిగి చూచువారు అరుదు. పద్మశ్రీ వచ్చినది. 2025 జనవరిలో, నూరేండ్లకు కొద్ది నెలల తక్కువలో, ఆయన హైదరాబాదులోనే కన్నుమూసిరి. కమలగారు అంతకు ముందే పోయిరి.

బీదరు 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమునుండి విడి మైసూరులో కలిసినది. పనివారు ఈ రాష్ట్రమున, వారి పాత సామాను ఎక్కువగా ఆ రాష్ట్రపు మ్యూజియములలో. రాష్ట్రముల సరిహద్దు కాగితముమీదనే గాని రైలుబండికి తెలియదు. బిద్రీకి 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చినది, 2023లో ఈ ఊరి పనివారు షా రషీద్ అహమద్ ఖాద్రీగారికి పద్మశ్రీ వచ్చినది. రెండును సంతోషమే. పిల్లలు ఆ పని నేర్చుటకు ముందుకు వచ్చుట తక్కువైనదని అంగళ్ళలో విన్నాము. రోజంతయు ఉలిపట్టిన చేతికి ఎంత కూలి గిట్టునో మేము అడిగి తెలిసికొన్నాము, ఇక్కడ వ్రాయము.

కిందటేడు హైదరాబాదు పోయినపుడు సాలార్ జంగు బిద్రీ గదిలో ఒక హుక్కా బుడ్డి ముందు మేము చాలాసేపు నిలుచుంటిమి. తిరిగివచ్చి అమ్మను అడిగితిమి: “అమ్మా, మన బుడ్డిమీద ఏం పూలుండె?”

“ఏం పూలో యాదిలేదు బిడ్డా. తుడిచెటప్పుడు చేతికి తగులుతుండె,” అన్నది. కొంతసేపు ఊరకుండి, “గసగసాల పూలసోంటివి కావచ్చు,” అన్నది. ఆ నాలుగు గిన్నెలలో ఒకటి ఇంకను మా యింట పెరుగు తోడువేయుటకు వాడుకలోనున్నది.

సంఘ సభ్యులకు ఒక మనవి. ఈ ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరుగు హాలులో ద్వారమునకు ఎడమ ప్రక్కన రెండు బల్లలు వేయించుచున్నాము. మీ యిండ్లలో పాత ఇత్తడి దీపము, మరచెంబు, తాళపత్రము, పటము ముక్క, చీర అంచు, బిద్రీ తునక ఏది ఉన్నను పండుగపూట తెండి. సొట్టపడినది, విరిగినది అని మొగమాటపడవలదు. ఎవరిది, ఏ ఊరినుండి వచ్చినది, ఎవరు వాడినది అను మూడు మాటలు చీటీమీద మేము వ్రాసి ప్రక్కన పెట్టెదము. సాయంత్రము చీటీతో సహా ఎవరి వస్తువు వారికి అప్పగింతుము. త్రాసు మాత్రము తేము.