నాణెం చెప్పే తీర్పు

మేడ్చల్ షెడ్లలో ఎఫ్‌ఆర్‌పీ ట్యాంకులు తనిఖీ చేయడం నా వృత్తి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల రాడార్ కప్పులకు వాడిన గాజునార, రెసిన్ల జోడీయే ఈ ఎఫ్‌ఆర్‌పీ. ఇలాంటి తేలికపాటి మిశ్రమ పదార్థంతోనే 1990ల్లో అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో హైదరాబాద్ రక్షణ శాస్త్రవేత్తలు, నిమ్స్ వైద్యులు కలిసి, కాళ్లు చచ్చుబడ్డ పిల్లలు మోసే మూడు కిలోల కాలిపర్లను 300 గ్రాములకు తగ్గించారు. ఆ పనితనమే నాకు కొలమానం.

ట్యాంకు లోపల దీపం పెట్టి బయటి నుంచి చూస్తాను. తెల్లమచ్చ కనబడితే అక్కడ గాజునార మ్యాట్‌కు రెసిన్ పట్టలేదన్నమాట. నాణెంతో తడతాను. గట్టిచోట ఖంగుమంటుంది, పొరలు విడినచోట బోలుగా పలుకుతుంది. అసిటోన్‌తో రుద్దినప్పుడు జిగురొస్తే రెసిన్ గట్టిపడలేదు.

నిగనిగలాడే పైపూత జెల్‌కోట్ చూసి మోసపోకండి. రంగు వేయకముందే తనిఖీ చేయించండి.