సురభి నాటక సమాజములు: ఇల్లే పాఠశాల

హైదరాబాదునుండి ధారూరు, తాండూరులకు పోవు రైలుమార్గమున లింగంపల్లి చెంత సురభి కళాకారుల కాలనీ కలదు. వీరి పూర్వులు తోలుబొమ్మలాటగాండ్రు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు ప్రభృతులు ‘కీచకవధ’ను ప్రదర్శించుటతో వీరి రంగస్థల చరిత్ర ఆరంభమైనది.

‘మాయాబజారు’లో తీగలపై ఆకాశగమనము, మంటలు, పొగలు, క్షణములో మారు తెరలు - వీనినే సురభి వైశిష్ట్యముగా పలువురు పేర్కొందురు. ఇది అర్ధసత్యమని మేము తలంతుము. యంత్రసామగ్రిని ధనమున్నవారెవ్వరైనను సమకూర్చుకొనవచ్చును. పురుషులే స్త్రీపాత్రలు ధరించు ఆచారము ప్రబలియున్న కాలమున సురభివారు తమ యింటి స్త్రీలను రంగమెక్కించిరి. శిశువులు తల్లుల యొడినుండియే రంగప్రవేశము చేసిరి. పద్యపఠనము, తెరవ్రాత, తీగలాగుట ఇంటనే అభ్యసించిరి. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో నటించిన సురభి కమలాబాయి ఈ పాఠశాలలో పెరిగినదే.

ఆ టాకీలే పిమ్మట ప్రేక్షకులను హరించినవి. సమాజములు పెక్కు అంతరించినవి. అయినను బి.వి. కారంత్ ‘భీష్మ’, ‘చండీప్రియ’ నాటకములను వీరిచే ఆడించినపుడు, నవ్యప్రయోగములకును వీరు సమర్థులని తేలినది. 2013లో రేకందార్ నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ లభించినది. బిరుదములు గతమును గౌరవించును. సంతానము అన్యవృత్తులకు తరలినచో పాఠశాల మూతపడును. కావున పరిశోధకులు నాటకప్రతులతోపాటు తీగలాగువాని చేతి మెలకువలనుగూడ గ్రంథస్థము చేయుట ఆవశ్యకము.