బేగంపేట స్టేషన్: ఎవరి కోసం వేసిన దారి

1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. వాడి అంటే బొంబాయి నుంచి మద్రాసు వెళ్ళే పెద్ద లైను మీది స్టేషను. అక్కణ్ణుంచి నిజాం రాజ్యం నడిబొడ్డుకు ఒక దారి వెయ్యాలని ఇంగ్లీషువాళ్ళు గట్టిగా కోరారు. సికింద్రాబాద్‌లో వాళ్ళ పటాలాలు ఉండేవి మరి. దివాను సాలార్‌జంగ్ అంత ఇష్టంగా ఒప్పుకోలేదు, ఒప్పుకోక తప్పలేదు. ఖర్చు మాత్రం నిజాం ప్రభుత్వానిది. హుస్సేన్ సాగర్‌కు వాయవ్యాన ఉన్న మా బేగంపేట స్టేషను ఈ లైను మీదే ఉంది.

ఈ స్టేషను గురించి రాసేవాళ్ళు చాలామంది కొత్త భవనం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నేను డబ్బు దగ్గర మొదలుపెడతాను. ఎవరి డబ్బుతో, ఎవరి అవసరానికి వేశారు అన్నది తెలిస్తేనే ఈ పట్టాల కథ అర్థమవుతుంది.

1883లో ఈ రైల్వేను లండన్‌లో పెట్టిన ఒక కంపెనీ చేతికి అప్పగించి, చాందా దిక్కుగా పొడిగించే పథకం వచ్చింది. కంపెనీ పెట్టుబడి మీద వడ్డీకి హామీ నిజాం ప్రభుత్వానిది. అందుకే దాని పేరులోనే ‘గ్యారంటీడ్’ అనే మాట చేరింది. లాభం చాలకపోతే ఆ వడ్డీ రాజ్యం ఖజానా నుంచి. ఆ షరతులేమిటో జనానికి చెప్పాలని అడిగినవాళ్ళలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. సరోజినీ నాయుడు తండ్రి, హైదరాబాద్‌లో కాలేజీ చదువుకు పునాది వేసిన మనిషి. అడిగినందుకు ఆయన్ను నగరం నుంచి పంపేశారు. రైలు లెక్క చెప్పమని ఈ ఊళ్ళో ఒక చదువుకున్న మనిషి నిలబడి అడిగాడన్న సంగతి మన పిల్లల పుస్తకాల్లో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తర్వాతి సంగతులు వరసగా జరిగిపోయాయి. 1889కి లైను బెజవాడ చేరింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. 1932లో అదే రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది, మన ఆర్టీసీకి మూలం అదే. 1951లో సెంట్రల్ రైల్వేలో, 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడ్డ దక్షిణ మధ్య రైల్వేలో ఈ లైను కలిసింది.

ఇన్నేళ్ళూ బేగంపేట చిన్న స్టేషనే. పేరు మోసిన పొరుగు మాత్రం దీనికి ఎప్పుడూ ఉంది. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది ఇక్కడి సైనిక ఆస్పత్రిలోనే. తర్వాత విమానాశ్రయం వచ్చింది, 2008లో శంషాబాద్ తెరిచేదాకా ఊరికి విమానాలన్నీ ఇక్కడే దిగాయి. విమానం దిగినవాళ్ళు మాత్రం స్టేషను వైపు చూసేవారు కాదు.

నేను ఇక్కడి బ్రాహ్మణవాడి బస్తీ కోడలిని. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇక్కడ ఆగేవి కొన్ని ప్యాసింజర్లు, ఒకటీ అరా ఎక్స్‌ప్రెస్సులు. నాంపల్లిలో ఉద్యోగం, చేతిలో సీజన్ టికెట్టు. బండి తప్పితే అమీర్‌పేట దాకా నడిచి బస్సు పట్టుకోవడమే. మా అత్తగారు గిన్నెలో అన్నం సర్దుతూ "కూత వినపడుతోంది, ఇంక పో అమ్మా" అనేవారు. ఆ కూత ఏ బండిదో ఆవిడకు తెలుసు.

లింగంపల్లి వైపు నుంచి వచ్చే పట్టాలు బేగంపేట దాటాక హుస్సేన్ సాగర్ జంక్షన్ దగ్గర చీలతాయి. కుడికి నెక్లెస్ రోడ్డు, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లి. ఎడమకు సంజీవయ్య పార్కు, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్. అంటే రెండు దిక్కుల బండ్లూ బేగంపేటకు వచ్చే తీరాలి. ఈ చోటు బలం ఇదే. ఆ బలం చాలా ఏళ్ళ దాకా ఎవరికీ అంతగా అక్కరకు రాలేదు.

2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ అనే లోకల్ రైళ్ళ సేవ మొదలైంది. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం ఖర్చు చెరి సగం పెట్టుకుని, ఉన్న పట్టాల మీదే కరెంటు బండ్లు నడిపాయి. అప్పటికి హైటెక్ సిటీ లేచింది, దాని పేరుతో ఒక స్టేషను కూడా వచ్చింది. నా మటుకు ఈ స్టేషను అసలు చరిత్ర ఆ రోజు నుంచే. పటాలాల కోసం వేసిన దారిలో బోరబండ నుంచి పనిమనుషులు, ఫతేనగర్ నుంచి వర్క్‌షాపు కుర్రాళ్ళు, సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఆస్పత్రులకు వెళ్ళే ముసలివాళ్ళు ఒకే పెట్టెలో నిలబడి ప్రయాణం చేశారు. ఆడవాళ్ళకు విడిగా పెట్టె ఉంది. అందులో కూరగాయలు తరిగేవాళ్ళనూ, పరీక్షకు చదువుకునేవాళ్ళనూ చూశాను. కనీస టికెట్టు ఐదు రూపాయలు.

2020 మార్చిలో కరోనాతో బండ్లు ఆగాయి. మళ్ళీ కదిలింది 2021 జూన్ 23న, అదీ పది సర్వీసులతో. ఆ మధ్యలో బస్సులు తిరిగాయి, మెట్రో తిరిగింది, ఇవి మాత్రం లేవు. మా ఇంట్లో పనిచేసే ఆమె బోరబండ నుంచి వచ్చేది. "అమ్మా, బండ్లు బంద్ అయినయంటే నా పని సగం బంద్ అయినట్టే. ఆటోకిస్తే ఇంక నాకేం మిగుల్తది?" అంది. రెండిళ్ళ పని మానేసింది. ఈ స్టేషను చేసే సేవ విలువెంతో ఏ నివేదికా నాకు అంత స్పష్టంగా చెప్పలేదు.

ఇప్పుడు స్టేషను రూపు మారింది. అమృత్ భారత్ పథకం కింద కట్టిన కొత్త భవనాన్ని 2025 మే 22న ప్రధాని ప్రారంభించారు. ముఖద్వారం కాకతీయుల శిల్పం తీరులో ఉంది. లిఫ్టులు, ఎస్కలేటర్లు వచ్చాయి, మోకాళ్ళ నొప్పులున్న నాలాంటివాళ్ళకు ఇది చిన్న మేలు కాదు. స్టేషను నడిపేది కూడా ఆడవాళ్ళే. పాయింట్లు, సిగ్నళ్ళు, టికెట్లు, బందోబస్తు అన్నీ వాళ్ళ చేతిలో ఉన్నాయి. ఒకప్పుడు చీకటి పడితే ఆ ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా నిలబడడానికి భయపడినదాన్ని కాబట్టి ఈ మార్పు నాకు ఎంతో గర్వంగా ఉంది.

కానీ స్టేషను అంటే భవనం కాదు, ఆగే బండి. నూట యాభై ఏళ్ళ కింద ఈ పట్టాలకు పన్నుల రూపంలో డబ్బు కట్టింది ఇక్కడి రైతులూ చేతిపనివాళ్ళే, వాళ్ళ మనవల మనవలే ఇవాళ ప్లాట్‌ఫారం మీద బండి కోసం ఎదురుచూస్తున్నారు. పొద్దున్నా సాయంత్రమూ పావుగంటకొక బండి, రాత్రి దుకాణాలు మూసేవేళకు ఇంకొకటి, అవి చెప్పిన వేళకు రావడం, టికెట్టు ఐదు రూపాయల దగ్గరే ఉండడం. రైల్వే పెద్దలను నేను అడిగేది ఇంతే.